స్టాంపు కింద గీసినవారి పేరు కూడా వేయించండి: కేంద్ర మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళకు పైగా డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. తపాలా శాఖ మీ చేతిలో ఉంది, పైగా మీరు తెలుగువారు. అందుకే ఈ సంగతి మీకే రాయాలనిపించింది.

మా నాన్న ఇక్కడి షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు మూత లోపలి వైపు 15 పైసల స్టాంపు ఒకటి అతికించి ఉండేది. 1965 ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవానికి విడుదల చేసిన స్టాంపు అది. దాని మీద ఉన్న ఓడ జల ఉష. 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతుల మీదుగా మన విశాఖలో నీళ్ళలోకి దిగిన ఓడ. అప్పటికి యార్డు సింధియా కంపెనీది. ప్రభుత్వం తీసుకుని ఇన్నేళ్ళయినా మేం ఆ పేటను ఇంకా సింధియా అనే అంటాం.

షిప్‌యార్డు డ్రాయింగ్ షీటుకు కుడివైపు కింది మూలన ఒక గడి ఉంటుంది. గీసింది ఎవరు, సరిచూసింది ఎవరు, ఏ తేదీన అన్నది అందులో రాయాలి. చిన్న పైపు ముక్క డ్రాయింగైనా సరే, ఆ గడి ఖాళీగా ఉంటే షీటు ముందుకు కదలదని నాన్న చెప్పేవారు. ఒకరోజు ఆ స్టాంపు నాకు చూపించి, "ఓడకి గీసిన ప్రతి షీటు మీదా ఎవరో ఒకరి పేరుంది. ఈ ఓడ బొమ్మ గీసినాయన పేరు మాత్రం లేదు చూడు" అన్నారు. నాన్న పోయి చాలా కాలమైంది. బాక్సు నా దగ్గరే ఉంది.

అయ్యా, నేను అడుగుతున్నది ఒక్కటే. మన తపాలా శాఖ వేసే ప్రతి స్మారక స్టాంపు కింది అంచున, చిన్న అక్షరాల్లో, దాన్ని రూపొందించిన చిత్రకారుల పేరు వేయించండి.

పేరు బ్రోషరులో వేస్తున్నాం కదా అని మీ అధికారులు అనవచ్చు. నిజమే, స్టాంపుతో పాటు వచ్చే ఆ మడత కాగితంలో స్టాంపు డిజైన్ ఎవరిది, విడుదల రోజున తెచ్చే ఫస్ట్ డే కవరు ఎవరిది, దాని మీది ముద్ర ఎవరిది అని ఒక మూల వేస్తారు. శంఖ సామంత, అల్కా శర్మ వంటి పేర్లు నాకు అలాగే తెలిశాయి. కానీ ఆ కాగితం కొనేది నాలాంటి సేకర్తలు. స్టాంపు మాత్రం కవరు మీద ఊళ్ళు తిరుగుతుంది. పేరు దానితో పాటు వెళ్ళడం లేదు.

ఈ పని ఎంత కష్టమో నాకు పిల్లల వల్ల తెలిసింది. క్లాసులో అప్పుడప్పుడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పున్న కాగితం ముక్కలు ఇచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండ గీయమనేదాన్ని. మన స్మారక స్టాంపులు చాలావాటి సైజు దాదాపు అంతే. మొదట అందరూ కొండ, లైట్‌హౌస్, పడవలు, అలలు, కొబ్బరి చెట్లు, సూర్యుడు అన్నీ కుక్కేస్తారు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూడమంటే నల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. రెండోసారి చెట్లు పోతాయి, మూడోసారి పడవలు పోతాయి. చివరికి సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ ముక్కు గీత ఒక్కటే మిగులుతుంది. ఆ గీత సరిగ్గా పడిందా, విశాఖ వాడెవడైనా ఠక్కున గుర్తుపడతాడు. ఇంతా చేస్తే దాని మీద దేశం పేరు రెండు లిపుల్లో రావాలి, ధర రావాలి, సందర్భం రావాలి. వీటన్నిటికీ చోటు వదిలి, తర్వాత పోస్టాఫీసు నల్ల ముద్ర పడినా బొమ్మ బతికేలా గీయాలి. స్టాంపు చిత్రకారులు చేసే పని ఇది. పెద్ద కాన్వాసు మీద గీసేవారి పనికి ఇది ఏ విధంగానూ తక్కువ కాదు.

వేరే దేశాలు దీన్ని ఎప్పుడో గుర్తించాయి. ఫ్రాన్స్ స్టాంపుల కింది అంచున బొమ్మ గీసినవారి పేరు, అచ్చు కోసం దాన్ని లోహపు పలక మీద చెక్కినవారి పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. పోలండ్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన చెస్లావ్ స్లానియా వెయ్యికి పైగా స్టాంపులు చెక్కారు. 2000లో ఆయన వెయ్యో స్టాంపును స్వీడన్ ప్రత్యేకంగా విడుదల చేసింది. ఆయన చెక్కినవని వెతికి మరీ స్టాంపులు కొనేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. మనకు అలాంటి వాళ్ళు లేకనా? 1956లో బుద్ధుడి 2500వ జయంతి స్టాంపును రూపొందించిన చిత్తరంజన్ పక్రాశీ తర్వాత ఎన్నో స్టాంపులు గీశారు. మన బొజ్జన్నకొండ, తొట్లకొండ బౌద్ధారామాలు చూడటానికి వెళ్ళే పిల్లల్లో ఆయన పేరు విన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

పోనీ, బొమ్మ కింద పేరు చూడటం తెలుగువాళ్ళకు కొత్తా అంటే అదీ కాదు. అనకాపల్లి పక్కన కశింకోటలో ఉండి వడ్డాది పాపయ్య గారు చందమామకు ముఖచిత్రాలు వేస్తే, మూలన ఉన్న 'వ.పా.' అనే రెండక్షరాలను మేం చిన్నప్పుడు వేలు పెట్టి వెతికేవాళ్ళం. బాపు గారి సంతకమైతే చదువు రాని మా అమ్మమ్మ కూడా గుర్తుపట్టేది. ఏ గీత ఎవరిదో మాకు తెలిసింది అలాగే. నా క్లాసులో బొమ్మల పిచ్చి పట్టిన పిల్లలందరికీ ఆ సంతకాలే మొదటి పాఠం.

2022 ఫిబ్రవరి 21న మన తీరంలో జరిగిన నౌకాదళ సమీక్షలో అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు ఒక స్టాంపు విడుదల చేశారు. పత్రికల్లో ఓడల సంగతి, విమానాల సంగతి ఎంతో చదివాను. ఆ స్టాంపు ఎవరు గీశారన్నది నేను చదివిన ఏ వార్తలోనూ లేదు.

మా ఇంటి దగ్గరి విషయం ఇంకొకటి చెప్పాలి. నా పాత విద్యార్థి ఒకడు ఒక సంస్థ వార్షికోత్సవానికి తపాలా శాఖ తెచ్చిన ప్రత్యేక కవరుకు బొమ్మ గీసి ఇచ్చాడు. వాళ్ళమ్మ ఆ కవర్లు ఐదు కొని బంధువులకు చూపించబోతే, "మీవాడే గీశాడని ఎక్కడుంది?" అన్నారట. కవరు మీద సంస్థ పేరుంది, సందర్భం ఉంది, వీడి పేరు లేదు. ఆవిష్కరణ సభకు కూడా వీడిని పిలవలేదు. ఆమె మా ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఏం సమాధానం చెప్పాలో తోచక, అసలు స్కెచ్ ఉంటే దాని మీద వాడి చేత సంతకం పెట్టించి ఫ్రేము కట్టించమన్నాను.

చోటు చాలదనడానికి లేదు. స్టాంపు మీద విడుదలైన సంవత్సరాన్ని చిన్న అంకెల్లో వేస్తూనే ఉన్నారు, దాని పక్కన ఒక పేరు పడుతుంది. ఖర్చూ పెద్దగా ఉండదు. ప్రతి కొత్త స్టాంపుకూ ప్రెస్సులో ఎలాగూ కొత్త ప్లేటు చేయాల్సిందే. నాసిక్ ప్రెస్సుతో పాటు మన హైదరాబాద్ సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్సులో కూడా ఈ స్టాంపులు అచ్చవుతున్నాయి. మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే అమలు చేయగలిగినవాళ్ళు అక్కడే ఉన్నారు.

ఇప్పుడు స్టాంపులు అంటించేదెవరు అంటారేమో. కౌంటర్లో బార్‌కోడ్ లేబుల్ అతికిస్తున్నారు, 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అవన్నీ నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఉత్తరం మోసే పని తగ్గే కొద్దీ జనం స్టాంపు కొనేది దాని మీది బొమ్మ కోసమే. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్లో స్టాంపుల సేకరణ అభిరుచి పెంచడానికి మీ శాఖే దీన్ దయాళ్ స్పర్శ్ పేరుతో ఏడాదికి 6000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తోంది. మంచి పని. ఆ పిల్లలు భూతద్దం పట్టుకుని చూసినప్పుడు వాళ్ళకు ఒక మనిషి పేరు కూడా కనపడాలి కదా.

అన్నిటికీ ఒకేసారి కుదరదంటే బాలల దినోత్సవం స్టాంపుతో మొదలుపెట్టండి. పోటీ పెట్టి పిల్లల బొమ్మను ఎంచి నవంబరు 14న స్టాంపుగా వేసే అలవాటు మీ శాఖకు ఉంది. ఈసారి గెలిచిన బిడ్డ పేరు ఆ బొమ్మ కిందే వేయించండి. విడుదల రోజున ఆ బిడ్డను వేదిక మీదకు పిలిచి, మొదటి షీటు తన చేతికే ఇవ్వండి. ఆ స్టాంపు విశాఖకు రాగానే వన్‌టౌన్ పోస్టాఫీసుకు వెళ్ళి ఒక షీటు కొంటాను. అందులో ఒకటి మా నాన్న బాక్సు మూతలో జల ఉష పక్కన అతికిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచరు,
విశాఖపట్నం