జీతం లేని పని గురించి రమణకు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరే రమణా,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. జవాబు రాయలేదని అలిగుంటావని తెలుసు, ఏమనుకోవద్దురా. పరీక్షలు, ఆ వెంటనే చెల్లికి పెళ్లిచూపులు, దాంతోనే సరిపోయింది. అమ్మ మోకాళ్లు కాస్త నయం. నాన్న కోతల్లో ఉన్నాడు. సంబంధం కుదర్లేదు, మిగతాది కలిసినప్పుడు.

ఇక నువ్వడిగిన సంగతి. ప్రభుత్వ న్యాయవాది ఆఫీసులో నాలుగు వారాలు పైసా లేకుండా ఇంటర్న్‌షిప్ చేయాలా, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో ఆ నెల రోజులు లెక్కలు రాసి జీతం తెచ్చుకోవాలా అని గదా. పోయిన వారమే అయితే ‘నీ ఇష్టంరా’ అని ఒక ముక్క రాసి పడేసేవాణ్ణి. కానీ గురువారం ఒకటి జరిగింది. అప్పట్నుంచి ఎవరికన్నా చెప్పాలని మనసు కొట్టుకుంటా ఉంది.

నేను ఇక్కడ ఉచిత న్యాయసహాయం చేసే ఒక వకీలమ్మ దగ్గర కూర్చుంటున్నా గదా. గురువారం పొదలకూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. నిమ్మతోటల్లో కాయ కోతకు పోతుందంట. చేతిలో బట్టల షాపు కవరు, దాంట్లో రేషన్ కార్డు జిరాక్సు, పెళ్లి ఫోటో, ఎవరో మధ్యవర్తి డబ్బు తీసుకుని టైపు చేయించిచ్చిన మనోవర్తి పిటిషను, అదే మొగుడి నుంచి పోషణ ఖర్చు ఇప్పించమని అడిగేది. ఆదాయం సర్టిఫికెట్ తెస్తేగానీ ఉచిత వకీలును ఇవ్వరని కూడా వాడే చెప్పాడంట. ఆమె దానికోసం పనులు మానుకుని తిరిగింది. ఆడవాళ్లకు ఆదాయంతో పనే లేదురా! 1987 న్యాయసేవల చట్టంలో 12వ సెక్షను, మనం పరీక్షకి బట్టీ పట్టిందే. ఆ మాట చెప్తే ఆమె నమ్మలేదు, మేడం కూడా చెప్పాక నమ్మింది.

తర్వాత మేడం నన్ను పిలిచి, ‘ఈ పిటిషను ఆమెకి చదివి వినిపించు, ఏం రాశారో ఆమెకి తెలియాలి’ అన్నారు. చదువుతున్నా. మూడో పేరాలో, ‘అదనపు కట్నం కోసం చిత్రహింసలు పెట్టి, కొట్టి, ఇంట్లోంచి గెంటివేసినాడు’ అని ఉంది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

‘ఆగు నాయనా. ఎవురు కొట్టింది?’

‘మీ ఆయనేనమ్మా, ఇందులో అట్టా ఉంది.’

‘ఆయన నన్ను యానాడూ కొట్టలా. మెడ్రాసుకు కూలికి పోయి ఆడ్నే ఇంకో కాపరం పెట్టాడు. ఇంటికి రాడు, రూపాయి పంపడు. జరిగింది అంతే, అదే రాయి.’

అట్టా రాస్తేనే కేసు నిలబడుద్దని మధ్యవర్తి చెప్పాడంట. మేడం ఆ పేరా మొత్తం కొట్టేశారు. ‘కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మన 125. దానికి కావాల్సిందల్లా అతనికి సంపాదన ఉండడం, ఈమెని పట్టించుకోకపోవడం, ఈమె సొంతంగా బతకలేకపోవడం. ఇంకొకామెని ఉంచుకున్నాడంటే అతనితో ఉండనని చెప్పడానికి అదే చాలు. లేనిది రాస్తే అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్నకి దొరికిపోతుంది, ఉన్న నిజం కూడా దాంతోపాటే పోతుంది’ అన్నారు. రమణా, 125 మీద మన ఎర్రపెన్ను మాస్టారు ఎన్ని క్లాసులు చెప్పాడు! ఈ ఒక్క మాట ఎప్పుడన్నా విన్నామా?

ఇంకా ఉంది. 2020లో రజ్నేశ్ వర్సెస్ నేహా తీర్పు వచ్చాక మనోవర్తి కేసులో ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలి గదా. అది నా చేతే రాయించారు. ‘నీకేమున్నాయమ్మా’ అంటే ఆమె చాలాసేపు ఆలోచించింది. కుట్టుమిషను ఉందంది, మళ్లీ ‘అది మా అక్కది, రాయబాక’ అంది. రెండు మేకలు. ఒకటి సొంతం, ఇంకోటి వేరేవాళ్లది, పాలుకు, అంటే వాటాకు, పెంచుతోందంట. ఆ రెండో మేకని ఆస్తిలో రాయాలా వద్దా అని ఆమె నిజంగా కంగారుపడింది. తనది కానిది తన పేరు మీద ఉండకూడదని. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. అవతల ఆ టైపు కాయితం చూస్తే...

సరే, అది వదిలెయ్. పోతా పోతా అడిగింది, ‘నీకు జీతమెంత నాయనా’ అని. లేదమ్మా, ఇది చదువులో భాగం అన్నా. ‘మరి బస్సుకో?’ అంది.

అక్కడే నాకు కోపం వస్తుందిరా. మా క్లాసులో సీతారాంపురం వైపు పిల్లోడు ఒకడున్నాడు, నాకంటే బాగా చదువుతాడు. నెల్లూర్లో రూము అద్దె, మెస్సు ఎవరు కడతారని ఇంటర్న్‌షిప్పే వద్దనుకున్నాడు. నెల్లూర్లో ఇల్లున్నవాడికే ఈ అవకాశం అంటే అది అన్యాయం. ప్రభుత్వం పెద్ద జీతమేం ఇవ్వక్కర్లేదు, బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం ఇచ్చినా చాలు, వాడిలాంటి వాళ్లు వస్తారు. నేను మామయ్య ఇంట్లో తింటున్నా కాబట్టి నడుస్తోంది.

నీ సంగతికొస్తే, ఒక పొరపాటు సరిచేసుకో. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి కావాల్సిన మూడేళ్ల ప్రాక్టీసులో ఈ ఇంటర్న్‌షిప్ కలుస్తుందని రాశావు. కలవదు. 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్లు మళ్లీ తప్పనిసరి చేసింది, కానీ లెక్క మొదలయ్యేది వకీలుగా ఎన్‌రోల్ అయిన రోజునుంచే. కాలేజీలో చేసిన ఇంటర్న్‌షిప్ దాంట్లోకి రాదు. బార్ కౌన్సిల్ మన మూడేళ్ల లా కోర్సుకి పెట్టిన పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ లెక్కలోకి మాత్రం వస్తుంది. ఏడాదికి వరసగా నాలుగు వారాలకు మించి కుదరదు, కాబట్టి ఈ ఏడాది వదిలేస్తే చివర్లో అంతా మీద పడుతుంది. అది కూడా చూసుకో.

నేనైతే చేరమనే అంటా. కానీ ముందు ఆ ఆఫీసుకు ఒకసారి పోయి చూడు. పోయినేడు చేసొచ్చిన సీనియర్ని పట్టుకుని, నీకు ఫైలు చదవనిచ్చారా, బీరువాలు సర్దమన్నారా, కోర్టు హాల్లోకి రానిచ్చారా అని అడుగు. మా వాడొకడు ఒక ఆఫీసులో నెలంతా జిరాక్సు మిషను దగ్గరే నిలబడ్డాడు. అట్లాంటి చోటైతే చీమకుర్తికే పో, అందులో తప్పేం లేదు. వకీలు పక్కన కుర్చీ వేసి, వచ్చినోళ్ల గోడు విననిస్తారంటే మాత్రం అప్పు చేసైనా పో. డబ్బు నేను కొంత సర్దుతా, మొహమాటపడబాక.

మీ నాన్నకి ఎట్టా చెప్పాలంటే... ఆయన ముందు పన్నెండు వారాల రూలు పెట్టు, తర్వాత

మామయ్య లైటు తీసెయ్యమంటున్నాడు, పొద్దున్నే బండి తోలాలంట. పొదలకూరామె కేసు నంబరు పడగానే మళ్లీ రాస్తా. శుక్రవారం లోపల ఆ ఆఫీసుకు పోయిరా, ఏమన్నారో ఫోన్ చెయ్యి.

నీ
గోపి