బ్రేకు స్విచ్ చూడకుండా మాడ్యూల్ మార్చాం, తప్పు మాదే

మా గ్యారేజీకి వచ్చే అందరికీ నమస్కారం. ఆ నోటా ఈ నోటా వినేకంటే నేనే చెప్పడం మంచిదని రాస్తున్నాను. గత నెల ఒక డీజిల్ బండికి క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ మీద కాలు లేకున్నా సెట్ చేసిన వేగంలోనే బండిని నడిపేది) పనిచేయడం లేదని స్టీరింగ్ కింది మాడ్యూల్ (స్టీరింగ్ మీటల సిగ్నల్‌ను పంపే భాగం) మార్చాం. బిల్లు 14,000 దాటింది. ఆ మాడ్యూల్‌లో ఏ లోపమూ లేదు.

హైదరాబాద్, విజయవాడల మధ్య వారానికి రెండుసార్లు తిరిగే బండి అది. చౌటుప్పల్ దాటాక 80లో సెట్ చేస్తే ఒక్కోసారి పట్టుకునేది, ఒక్కోసారి వదిలేసేది. ఓనరు గారు వస్తూనే "మాడ్యూల్ పోయింది, మార్చేయండి" అన్నారు. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నేనూ సరే అన్నాను. బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

ఇప్పటి బండ్లలో చాలావాటికి క్రూయిజ్ కోసం విడిగా డబ్బా ఉండదు. ఆ పని ఇంజన్ కంప్యూటరే చూసుకుంటుంది. దానికి స్టీరింగ్ మీటల నుంచి సిగ్నల్ అందాలి, బండి వేగం తెలియాలి, బ్రేకు మీద కాలు లేదని రూఢి కావాలి. మేము మీటల దగ్గరే ఆగిపోయాం. బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ విప్పి, క్లాక్ స్ప్రింగుతో (స్టీరింగ్ తిరిగినా కనెక్షన్ తెగకుండా ఉంచే తీగల చుట్టతో) సహా కొత్త మాడ్యూల్ బిగించాం. పని శుభ్రంగానే చేశాం, అవసరం లేని పని!

నాలుగో రోజు బండి తిరిగి వచ్చింది. చీకటి పడుతుండగా షెడ్డులో పెట్టి మా కుర్రవాడు దిగాడు. వెనక గోడ మీద ఎర్రటి వెలుగు. బండిలో ఎవరూ లేరు, బ్రేకు లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. వాడు వంగి పెడల్‌ను వేలితో పైకెత్తగానే ఆరిపోయాయి. కాలు తీసినప్పుడు పెడల్ మీది రబ్బరు బిళ్ల బ్రేకు స్విచ్ పిన్నును నొక్కితేనే లైట్లు ఆరతాయి. ఆ బిళ్ల సగం విరిగిపోయింది, దాని నల్లటి తునకలు మ్యాటు మీదే ఉన్నాయి. ఆ మ్యాటు మేమే రెండుసార్లు దులిపాం. కాలు తీసినా బ్రేకు నొక్కే ఉందని కంప్యూటర్ అనుకుంటే క్రూయిజ్ ఎలా పట్టుకుంటుంది? పైగా వెనక వచ్చే లారీవాడికి మనం ఎప్పుడు ఆగుతున్నామో తెలియదు.

బిళ్ల కొత్తది వేసి, ఓనరు గారికి డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాను. ఒకసారి బిగించిన ఎలక్ట్రికల్ సామాను షాపువాళ్లు వెనక్కి తీసుకోరు కాబట్టి ఆ నష్టం నాదే. ఆయన కోప్పడలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఇకమీదట క్రూయిజ్ పనికి వస్తే ముందు బ్రేకు లైట్లు, తర్వాత బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో బ్రేకు సిగ్నల్ చూస్తాం. ఆ తర్వాతే సామాను మాట. ముందు బండిని బట్టి వేగం తగ్గించుకునే రాడార్ క్రూయిజ్ పనులు మాత్రం తీసుకోం, దాన్ని సరిచేసే పరికరాలు మా దగ్గర లేవు.

రిజిస్టరులో ఇలా మాడ్యూల్ మార్చిన బండ్లు ఇంకో రెండు కనిపించాయి. వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను, చూసినందుకు డబ్బు తీసుకోం. మిగతావాళ్లు రాత్రి ఇంటి దగ్గర బండి ఆపాక ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. లైట్లు వెలుగుతుంటే పొద్దున్నే తీసుకురండి, లేకపోతే బ్యాటరీ కూడా దిగిపోతుంది.