వెనక టైరుకు పెద్ద గుబ్బలే చాలవు

సంపాదకులకు నమస్కారం.

మా కోనసీమ కుర్రాళ్ళు మౌంటెన్ బైకులు, అంటే మట్టిదారుల్లోనూ తొక్కగలిగే సైకిళ్ళు, కొంటున్నారు, సంతోషం. కానీ వెనక టైరు మార్చాలని వెళ్తే దుకాణాల్లో పెద్ద పెద్ద గుబ్బలున్నది (పైకి పొడుచుకొచ్చిన రబ్బరు ముక్కలున్న టైరు) చూపించి ‘మట్టికి ఇదే’ అనేస్తున్నారు. మనిషి బరువులో ఎక్కువ పాలు మోసేదీ, తొక్కిన బలాన్ని నేలకు అందించేదీ వెనక చక్రమే. అందుకే ముందు టైరు కంటే అది త్వరగా అరుగుతుంది.

అంతర్వేది వైపు మేం తొక్కే దారిలో రోడ్డూ, కాలువ గట్టూ, ఇసుకా అన్నీ తగులుతాయి. అలాంటి చోట నడుమ గుబ్బలు పొట్టిగా, దగ్గరదగ్గరగా, అంచు గుబ్బలు కాస్త ఎత్తుగా ఉన్న 2.25 అంగుళాల వెడల్పున్న టైరు తేలిగ్గా దొర్లుతుంది, మలుపులో పట్టూ ఇస్తుంది. ఇసుకలో కొంచెం గాలి తీసి, రోడ్డెక్కగానే మళ్ళీ కొట్టుకుంటే సరి.

వానాకాలం సంగతి వేరు. తడిసిన నల్లమట్టి గుబ్బల సందుల్లో బంకలా పట్టేస్తుంది. వెడల్పు టైరైతే ఫ్రేముకూ చక్రానికీ మధ్య మట్టి కూరుకుని చక్రం తిరగనే తిరగదు. అప్పుడు సన్నగా, గుబ్బలు ఎడంగా ఉన్నదే మేలు.

అమలాపురం, రాజోలు దుకాణదారులు ఈ రెండు రకాలూ తెప్పించాలి. కొనేవాళ్ళను ఏ దారిలో తొక్కుతారో ముందు అడగాలి. మీ జిల్లా పేజీలో ఈ విషయాలకు కాస్త చోటివ్వండి.

— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, రాజోలు