ఫిర్యాదు మూసేశారు, సేఫ్ మాత్రం తెరుచుకుంటూనే ఉంది

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మీ సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది. ఎవరి సమస్య పరిష్కారమైందో గానీ నాది కాదు. పైన గుప్పిటతో ఒక్క దెబ్బ వేసి పిడి తిప్పితే చాలు, నా గన్ సేఫ్ కోడ్ నొక్కకుండానే తెరుచుకుంటోంది. అదురుకి, పిడి తిరగకుండా ఆపే లాక్ లోపలి పిన్ను పైకి ఎగురుతోందని మా షూటింగ్ క్లబ్‌లో తుపాకులు బాగుచేసే ఆయన చూడగానే చెప్పాడు. మీవాళ్లకి మాత్రం ఇన్ని వారాలైనా తలకెక్కలేదు. అసలు విన్నదెవరు గనక!

మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి బ్యాటరీ మార్చమంది. తెరుచుకోకపోవడం కాదమ్మా, తెరుచుకోకూడనప్పుడు తెరుచుకుంటోంది అన్నాను. "అర్థమైంది సార్, కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసి చూడండి" అంది. తర్వాతి ఆయన బిల్లు నంబరు దగ్గర్నుంచి అన్నీ మళ్లీ అడిగి, లైన్‌లో ఉండమని పాట పెట్టి వెళ్లాడు. పాట అయిపోయి మళ్లీ మొదలైంది గానీ ఆయన రాలేదు. ఇంకొకరు ఇది మా డిపార్ట్‌మెంట్ కాదంటూ వారంటీ వాళ్లకి కలిపారు, వాళ్లు టెక్నికల్ వాళ్లకి, టెక్నికల్ వాళ్లు తిప్పి తిప్పి ఆ బ్యాటరీ అమ్మాయికే కలిపారు.

ఇదంతా ఓర్చుకునేవాణ్నేమో. మీ ఈమెయిల్ చూశాక ఒళ్లు మండింది. సేఫ్ తెరిచి లోపలున్నవన్నీ కనిపించేలా వీడియో తీసి, ఇప్పుడు వాడుతున్న కోడ్, ఇంటి అడ్రసు, ఇంట్లో ఏ వేళల్లో ఉంటానో రాసి పంపాలట! దొంగకి ఇంతకంటే ఏం కావాలి? ఇంట్లో తుపాకులున్న సంగతి పక్కింటివాళ్లకి కూడా తెలియనివ్వను. రైఫిల్‌ని మామూలు సంచిలా కనపడే కవర్లోనే క్లబ్‌కి తీసుకెళ్తాను. అది లేనిదే రైఫిల్ పేలదు కాబట్టి దాని బోల్టు తీసి వేరేచోట పెడతాను. తూటాలు మరో పెట్టెలో, మరో తాళం కింద ఉంటాయి. ఇంత చేసేది కోడ్ మీకు ఈమెయిల్ చేయడానికా?

కుదరదన్నాను. అయితే సేఫ్‌నే సర్వీస్ సెంటర్‌కి తీసుకురమ్మన్నారు. అది గోడకీ నేలకీ బిగించి ఉంది. లేకపోతే పెట్టెకి పెట్టె ఎత్తుకుపోతారని, అలా బిగించమని మీ పుస్తకంలోనే రాశారు. సరే, ఊడదీసి తెస్తాను, అప్పటిదాకా తుపాకులెక్కడ పెట్టను అంటే "బీరువాలో పెట్టుకోండి సార్" అన్నాడు మీ సూపర్‌వైజర్. ఆయనకి జీతం పెంచండి. రేపు అవి పోతే పోలీసులు పిలిచేది నన్ను, ఆయన్ని కాదు. లైసెన్సు రద్దయ్యేదీ నాదే.

మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంట్లో మీ పెట్టెలే. క్లబ్‌లో కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు ఏ సేఫ్ కొనాలని అడిగితే మీ పేరే చెప్పేవాణ్ని. ఇకమీదటా చెబుతాను, కాకపోతే మరోలా.

లాక్ మారుస్తారో, సేఫే మారుస్తారో, డబ్బు తిరిగిస్తారో నాకనవసరం, ముందు విషయం తెలిసిన మనిషెవరైనా మాట్లాడాలి. ఇదే లాక్ ఉన్న సేఫ్‌లు ఎవరెవరు కొన్నారో ఆ జాబితా మీ దగ్గరే ఉంటుంది కదా, వాళ్లకైనా చెప్పారా? మీరు చెప్పకపోతే నేనే చెబుతాను. గుప్పిటతో సేఫ్ తెరిచే వీడియో తీశాను, లోపల ఖాళీగా ఉన్నప్పుడే లెండి. వారంలో జవాబు రాకపోతే అది లైసెన్సులిచ్చే అధికారికీ, వినియోగదారుల కోర్టుకీ వెళ్తుంది. క్లబ్‌లో అందరికీ చూపిస్తాను కూడా.

తుపాకులు ప్రస్తుతం భద్రంగానే ఉన్నాయి. ఎక్కడున్నాయో మీకు చెప్పను.

ఇట్లు,
మీ పాత కస్టమర్