విండోస్ 10 ఆగిందని కంప్యూటర్‌ను తుక్కుకి వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను ఖమ్మంలో కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు రిపేరు చేసే చిన్న షాపు నడుపుతున్నాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అప్పటినుంచి షాపుకొచ్చేవాళ్ల ప్రశ్న మారిపోయింది. ఇదివరకు "అన్నా, స్లో అయింది, ఒకసారి ఫార్మాట్ కొట్టు" అనేవాళ్లు. ఇప్పుడు "ఇక ఇది పనికిరాదంట కదా, పాత సామానుకు ఎంతిస్తారు?" అంటున్నారు. మంచి స్క్రీను, మంచి కీబోర్డు, ఏ లోపమూ లేని మదర్‌బోర్డు ఉన్న మిషన్లు కిలోల లెక్కన పోతుంటే కడుపు తరుక్కుపోతోంది. ఇలాంటి మిషన్లకు విండోస్ బదులు ఉచితంగా వేసుకోదగ్గ లైనక్స్ మింట్ గురించి చెప్పడానికే ఈ ఉత్తరం.

మద్దతు ముగిసిందంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. రేపు కూడా ఆన్ అవుతుంది, పని చేస్తుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మైక్రోసాఫ్ట్ పంపే సవరణలు ఇక రావు. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబరు దాకా గడువు పెంచారు, అంతే. బ్యాంకు పనులు, యూపీఐ, పిల్లల ఫీజులు అన్నీ ఆ మిషన్ మీదే చేసేవాళ్లు దాన్ని అలాగే వదిలేయకూడదు. మరి విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. అంటే 2017కు ముందు కొన్నవాటిలో చాలావరకు అధికారికంగా ఎక్కదు. ఏవో అడ్డదారుల్లో ఎక్కించేవాళ్లున్నారు. నేను ఆ పని చేయను. రేపు ఒక అప్‌డేట్‌తో అది మొండికేస్తే మళ్లీ డబ్బు పోసుకునేది కస్టమరే.

ఇలాంటి మిషన్లకు నేను కొన్నేళ్లుగా లైనక్స్ మింట్ వేస్తున్నాను. ఇది విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ అనే ఫ్రెంచి ఆయన ఐర్లండ్‌లో ఉంటూ మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఒక చిన్న జట్టు, వాడేవాళ్లు పంపే విరాళాలు, స్పాన్సర్ల సాయంతో నడుస్తోంది. పైసా కట్టక్కర్లేదు. మనం వేసుకోవచ్చు, పక్కింటివాళ్లకూ ఇవ్వవచ్చు, అదంతా చట్టబద్ధమే. ఈ మాట నాకు చాలా ముఖ్యం. మా దగ్గరికొచ్చే ఇంటి కంప్యూటర్లలో ఎన్నింట్లోనో క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే విండోస్ ఉంటుంది. ఆ క్రాక్ పని చేయడం కోసం యాంటీవైరస్‌ను ఆపేసి ఉంచుతారు. ఎవరో తెలియని వాళ్లు తయారుచేసిన ప్రోగ్రామ్‌కు ఇంటి తాళం చెవులన్నీ అప్పగించి, అదే మిషన్ మీద నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొడతారు. ఇన్నాళ్లూ మనకు వేరే దారి తెలియక అలా నడిచింది. ఇప్పుడు దారి ఉంది.

మింట్‌లో రకాలున్నాయి. మొదటిసారి చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సినమన్, మేట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు వస్తాయి. లోపల ఉన్నది ఒకటే, ఉబుంటు అనే ఇంకో లైనక్స్ సిస్టమ్ పునాది మీద కట్టింది. తేడా అంతా తెర మీద కనిపించే మెనూలు, కిటికీలు, అవి తినే ర్యామ్‌లోనే. 2011లో గ్నోమ్ అనే పేరున్న డెస్క్‌టాప్ (తెర మీది మెనూలు, కిటికీల అమరిక) తన రూపాన్ని పూర్తిగా మార్చేసుకుంది. పాత పద్ధతికి అలవాటుపడ్డవాళ్లకు అది నచ్చలేదు. పాతదాన్నే కాపాడుకుంటూ వచ్చింది మేట్. కొత్త సాంకేతికత మీద పాత పద్ధతిని నిలబెట్టడానికి మింట్ జట్టు స్వయంగా తయారుచేసుకున్నది సినమన్. కింద ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, మధ్యలో తెరిచిన ప్రోగ్రామ్‌లు ఉంటాయి కాబట్టి విండోస్ 7 వాడిన ఎవరికైనా చేయి దానంతటదే పోతుంది.

నేను వేసేటప్పుడు చూసుకునేది ఇలా ఉంటుంది. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు) ఉంటే కళ్లు మూసుకుని సినమన్. 4 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ. చూడటానికి కాస్త సాదాగా ఉంటుంది గానీ తేలిగ్గా పరుగెత్తుతుంది. మేట్ ఈ రెంటికీ మధ్యలోది, దాన్ని అడిగి వేయించుకునేవాళ్లు తక్కువ. మింట్ వాళ్లు కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు చాలంటారు. అది ఎక్కడానికి చాలు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవాలంటే 4 జీబీ కావాలి. ఇవి కాక ఎల్‌ఎమ్‌డీఈ అని ఇంకోటుంది. అది ఉబుంటు మీద కాకుండా ఉబుంటుకే మూలమైన డెబియన్ సిస్టమ్ మీద నేరుగా నడుస్తుంది. రేపు ఉబుంటు లేకుండా పోయినా మింట్ బతకాలని ముందుచూపుతో ఉంచుకున్నది. బాగా పాత 32 బిట్ మిషన్లకు ఇన్నాళ్లూ అదే దిక్కు. 2025లో వచ్చిన ఎల్‌ఎమ్‌డీఈ 7 నుంచి 32 బిట్ ఆగిపోయింది. కాబట్టి అంత పాతవాటి విషయంలో నేను ఆశ పెట్టను.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒకామె బట్టల సంచిలో లాప్‌టాప్ పెట్టుకుని కూతురితో వచ్చింది. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. "తమ్ముడూ, షోరూంలో చూపిస్తే దీంట్లో విండోస్ పదకొండు ఎక్కదన్నారు. కొత్తది నలభై వేలంట. మా వల్ల ఎక్కడవుతుంది?" అంది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, టకటకమని చప్పుడు చేస్తున్న పాత హార్డ్‌డిస్క్. "అక్కా, ముందు ఏమీ మార్చను, కాసేపు కూర్చోండి" అన్నాను. పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్12 నొక్కి, మింట్‌ను పెన్‌డ్రైవ్ మీదనుంచే లేపాను. మింట్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. హార్డ్‌డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా ముట్టుకోకుండా మొత్తం వాడి చూడొచ్చు. వైఫై పట్టుకుంది, సౌండ్ వచ్చింది, కెమెరా వెలిగింది. అమ్మాయి తన యూట్యూబ్ పాఠం పెట్టుకుంది, వర్డ్ లాంటి లిబర్‌ఆఫీస్‌లో ప్రాజెక్టు ఫైలు తెరిచింది. "అన్నా, ఇది విండోసే కదా?" అని అడిగింది. పాత డిస్కులోని ఫొటోలు, ఫైళ్లు కాపీ చేసుకుని, దాని స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించాను. కొత్త లాప్‌టాప్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ దాంతోనే చదువుకుంటోంది.

అయితే అందరికీ మింట్ వేసుకోండని నేను చెప్పను. నిజం దాచితే రేపు తిట్లు తినేది నేనే కాదు, మింట్ కూడా. డీటీపీ పని చేసేవాళ్లు దయచేసి విండోస్‌లోనే ఉండండి. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లు మన దగ్గర కోకొల్లలు. అది యూనికోడ్ (ఏ మిషన్‌లోనైనా అక్షరాన్ని అక్షరంగానే గుర్తించే ప్రమాణం) కాదు. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. ట్యాలీ మీద లెక్కలు రాసే కొట్లకూ ఇదే సలహా. ట్యాలీ విండోస్ కోసం చేసింది, ఇక్కడ దాన్ని బలవంతంగా నడిపిస్తే మనశ్శాంతి ఉండదు. ఆధార్ వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడే సెంటర్ల వాళ్లను కూడా నేను తొందరపెట్టను. ప్రింటర్ల సంగతి ముందే చూసుకోవాలి. చాలా ప్రింటర్లు తీగ గుచ్చగానే పని చేస్తాయి. మన జిరాక్స్ షాపుల్లో, టీచర్ల ఇళ్లలో కనిపించే కొన్ని పాత చిన్న లేజర్ ప్రింటర్లు మాత్రం చుక్కలు చూపిస్తాయి. కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవర్ మేనేజర్‌లోకి వెళ్లి డ్రైవర్ వేసుకోవాలి. అందుకే పెన్‌డ్రైవ్ మీద ముందు అన్నీ పరీక్షించండి, ప్రింటు కూడా తీసి చూడండి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి. నొక్కేటప్పుడు "డిస్కు మొత్తం చెరిపేయి" అనే ఎంపిక దగ్గర ఒక్క క్షణం ఆగండి. అది నిజంగానే మొత్తం చెరిపేస్తుంది. ముఖ్యమైనవన్నీ ముందే బయట డిస్కులోకి తీసుకోవాలి.

తెలుగు టైపింగ్ గురించి అడిగేవాళ్లు చాలామంది. కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో "అమ్మ" కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాధనం వేసుకుంటే ఆ పద్ధతులూ దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉన్నాయి. ఒక చిక్కు మాత్రం చెప్పాలి. విండోస్‌లో గౌతమి ఫాంటుతో టైపు చేసిన ఫైలు ఇక్కడ తెరిస్తే, ఆ ఫాంటు లేదు కాబట్టి వేరేది వచ్చి కూర్చుంటుంది. అక్షరాలు బాగానే ఉంటాయి గానీ లైన్లు జరుగుతాయి, రెండు పేజీల అర్జీ మూడు పేజీలవుతుంది. ఆఫీసుకు పంపేది పీడీఎఫ్ చేసి పంపితే ఆ బాధ లేదు. ఇక మెనూల భాష తెలుగు అని ఎంచుకుంటే సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో కనిపిస్తాయి. ఎవరూ అనువదించకపోవడమే కారణం. ఆ అనువాదం లాంచ్‌ప్యాడ్ అనే వెబ్‌సైటులో ఎవరైనా చేయొచ్చు. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు చేయి వేస్తే అది నిండటానికి ఎంతోకాలం పట్టదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ చేసి చూపించారు కూడా.

దింపుకునేటప్పుడు లైనక్స్ మింట్ డాట్ కామ్ నుంచే దింపుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు వద్దు. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు మింట్ సైటులోకే చొరబడి, 17.3 సినమన్ లింకును దొంగ కాపీ వైపు మళ్లించారు. మింట్ వాళ్లు దాచకుండా వెంటనే ఆ సంగతి బయటపెట్టారు. దింపిన ఫైలు అసలుదో కాదో సరిచూసే పద్ధతిని వాళ్ల గైడులోనే రాసి పెట్టారు. ఆ పని తప్పకుండా చేయండి. ఎక్కించాక టైమ్‌షిఫ్ట్ అనేదాన్ని మొదటిరోజే పెట్టుకోండి. ఏదైనా అప్‌డేట్ తేడా కొడితే సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. మీ ఫొటోలను మాత్రం అది మామూలుగా కాపాడదు, వాటికి విడిగా బ్యాకప్ ఉండాలి. 22 శ్రేణి మింట్‌కు 2029 దాకా సవరణలు వస్తాయి.

ఇళ్ల సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ బాధపెట్టేది బడుల ల్యాబులు. ప్రభుత్వ పాఠశాలల్లో దుమ్ము కొట్టుకుని, ప్లాస్టిక్ కవర్లు కప్పి ఉన్న కంప్యూటర్లు నేను కళ్లారా చూశాను. "విండోస్ అయిపోయింది, బడ్జెట్ లేదు" అని చెబుతున్నారు. కేరళలో ప్రభుత్వ బడులు ఏళ్ల నుంచి ఉబుంటు ఆధారంగా తయారుచేసుకున్న సిస్టమ్‌తోనే పాఠాలు చెబుతున్నాయి. కైట్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ టీచర్లకు శిక్షణ ఇచ్చి, పాఠాలకు కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా అందులోనే పెట్టి ఇస్తుంది. మింట్‌దీ అదే పునాది. లెక్కలకు జియోజీబ్రా, ఆకాశం చూపించడానికి స్టెల్లారియం, చిన్నపిల్లలకు జీకాంప్రి, అన్నీ ఉచితమే. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ల్యాబు కంప్యూటర్లను వేలానికి పెట్టేముందు ప్రతి జిల్లాలో ఒక్క బడిలోనైనా ఇది వేసి చూడాలని అడుగుతున్నాను. లైసెన్సు ఖర్చు లేదు. కావలసిందల్లా టీచర్లకు కాస్త శిక్షణ, చప్పుడు చేసే డిస్కుల స్థానంలో ఎస్‌ఎస్‌డీలు.

మీ పత్రికను మా జిల్లాలో హెడ్మాస్టర్లందరూ చదువుతారు. పెన్‌డ్రైవ్ తయారుచేయడం, పరీక్షించడం, ఎక్కించడం, తెలుగు పెట్టుకోవడం గురించి బొమ్మలతో ఒక పేజీ తెలుగులో వేయండి. ఖమ్మం చుట్టుపక్కల ఏ ప్రభుత్వ బడైనా ల్యాబు తెరిచి పిలిస్తే, షాపు కట్టేశాక గానీ, ఆదివారం గానీ పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని నేనే వస్తాను. పైసా తీసుకోను. మీ ఆఫీసుకు కబురు పెడితే నాకు చేరవేయండి చాలు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
ఖమ్మం