సహాయ కేంద్రం ఉంటే సరిపోదు, విద్యార్థి అక్కడికి రాగలగాలి

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి పాఠాలు, పరీక్షలు తప్ప మరో సమస్యే ఉండదన్నట్టు మన చర్చలు సాగుతుంటాయి. మూడు నాలుగేళ్ల చదువులో ఎవరైనా జబ్బు పడవచ్చు, ఫీజు కట్టలేక చేతులెత్తేయవచ్చు, ఒకే సబ్జెక్టులో మళ్లీ మళ్లీ తప్పవచ్చు, ఇంట్లో మనిషిని పోగొట్టుకోవచ్చు, పైకి ఏ కారణమూ కనిపించకుండానే నెలల తరబడి నిద్రకు దూరం కావచ్చు. ఇలాంటి వేళ ఆదుకోవడానికి కౌన్సెలింగ్ కేంద్రం, ఆరోగ్య కేంద్రం, దివ్యాంగ విద్యార్థుల విభాగం, ఆర్థిక సహాయ విభాగం, ఉద్యోగ మార్గదర్శక విభాగం వంటివి నేడు చాలా ప్రాంగణాల్లో ఉన్నాయి. ఉన్నవాటిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అయితే అవి ఎవరి కోసం ఏర్పడ్డాయో వారిలో చాలామంది వాటి గడప తొక్కరన్నది ఎన్నో ఏళ్లు పాఠం చెప్పినవాడిగా నేను గమనించిన విషయం. అందుకు విద్యార్థులను తప్పుపట్టి ప్రయోజనం లేదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ సేవలు నిన్న మొన్న పుట్టినవి కావు. చదువు ఒత్తిడితో విద్యార్థుల ఆరోగ్యం దెబ్బతింటోందన్న ఆందోళనతో అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కళాశాల 1861లోనే ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే వైద్యుడిని ఆరోగ్య, వ్యాయామ విద్యల ఆచార్యుడిగా నియమించింది. తెలివైన విద్యార్థులు సైతం మానసిక ఇబ్బందుల వల్ల మధ్యలోనే వెళ్లిపోతుండటాన్ని గమనించిన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1910లో మానసిక ఆరోగ్య సేవను ప్రారంభించింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి చక్రాల కుర్చీలో తిరగవలసి వచ్చిన సైనికులు చదువుకుంటామని వచ్చినప్పుడు, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో టిమోతీ న్యూజెంట్ 1948లో వారి కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు. ఆకలితో తరగతులకు వస్తున్న తోటివారి కోసం మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1993లో విద్యార్థులే ఉచిత ఆహార సామగ్రి కేంద్రాన్ని నెలకొల్పుకున్నారు. చదవగల సత్తా ఉన్నవారికి చదువుతో సంబంధం లేని కారణాలు అడ్డుపడుతున్నాయని ఎవరో ఒకరు కళ్లు తెరిచి చూసినందువల్లే ఇవన్నీ వచ్చాయి. కాబట్టి వీటిని అదనపు హంగుల కింద జమకట్టి, నిధులు తగ్గగానే ముందుగా వీటికే కోత పెట్టడం సరికాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక విద్యార్థి ఎలాగో ధైర్యం కూడగట్టుకుని కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లాడనుకుందాం. లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్ మీద ఒక రిజిస్టర్ ఉంటుంది. పేరు, రోల్ నంబరు, విభాగం, ఫోన్ నంబరు, చివరి గడిలో 'వచ్చిన కారణం'. పైన నలుగురి పేర్లు, వారు వచ్చిన కారణాలు అతనికి కనిపిస్తూనే ఉంటాయి. తాను రాయబోయేది తర్వాత వచ్చేవారి కంటపడుతుందని అర్థం కావడానికి ఎంతో సేపు పట్టదు. పక్క కుర్చీలో తన తరగతి పిల్ల ఒకరు కూర్చుని ఉంటే చెప్పనే అక్కర్లేదు. 'తలనొప్పి' అని రాసి వెనుదిరిగిన విద్యార్థిని పిరికివాడు అనే హక్కు మనకు లేదు. ఆ రిజిస్టర్ తీసేసి, ముందుగా సమయం తీసుకునే వీలు కల్పించి, కారణం సంగతి గదిలోపల కౌన్సెలర్ మాత్రమే అడిగేలా చేయడానికి పైసా ఖర్చు కాదు. ఇంత చిన్న మార్పు కూడా ఏళ్ల తరబడి ఎవరికీ తట్టకపోవడమే నాకు బాధ కలిగిస్తుంది.

వేళల సంగతీ అలాంటిదే. తరగతులు జరిగే సమయంలోనే కేంద్రం తెరిచి ఉంటుంది, తరగతులు ముగిసేసరికి మూతపడుతుంది. మనసు కుదురుగా లేనివారికి కష్టమైన వేళ రాత్రి అని అందరికీ తెలుసు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1970లో మొదలైన నైట్‌లైన్ ఈ లోటు తీర్చడానికి వచ్చినదే. శిక్షణ పొందిన విద్యార్థి వాలంటీర్లు రాత్రిపూట ఫోన్ దగ్గర కూర్చుని, పేరు కూడా అడగకుండా తోటివారి మాట వింటారు; సలహాల జోలికి పోరు. తర్వాత ఈ పద్ధతిని మరెన్నో విశ్వవిద్యాలయాలు అనుసరించాయి. ఇది వైద్యానికి బదులు కాదు, కానీ తెల్లవారేదాకా ఒక మనిషి తోడుండటం తక్కువ విషయమేమీ కాదు.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి భయం. నేను చెప్పింది విభాగాధిపతి చెవిన పడుతుందా, ఇంటికి కబురు వెళుతుందా, మార్కుల మీద ప్రభావం పడుతుందా, రేపు ఉద్యోగానికి సర్టిఫికెట్ అడిగినప్పుడు ఇది బయటపడుతుందా అన్న ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం దొరకనంత కాలం విద్యార్థి నోరు విప్పడు. విద్యార్థి ప్రాణానికి గానీ ఇతరుల ప్రాణానికి గానీ ముప్పు ఉందనిపించినప్పుడు, లేదా చట్టం తప్పనిసరి చేసినప్పుడు తప్ప, తాను విన్నది బయటపెట్టకూడదన్నది కౌన్సెలింగ్ వృత్తిలో అందరూ అంగీకరించిన నియమం. ఈ నియమాన్ని, దానికున్న మినహాయింపులతో సహా, గుమ్మం దగ్గరే అందరికీ అర్థమయ్యే భాషలో రాసిపెట్టాలి. ఫిన్లాండ్‌లో విద్యార్థుల ఆరోగ్య సేవలను 1954లో ఏర్పడిన ఒక ప్రత్యేక సంస్థ చూసుకుంటుంది. జర్మనీలో వసతి గృహాలు, భోజనశాలలు, సలహా కేంద్రాలలో అధిక భాగం విశ్వవిద్యాలయాల పాలనకు వెలుపల ఉండే విద్యార్థి సేవా సంస్థల చేతిలో ఉంటాయి. ఫ్రాన్స్‌లోనూ 1955 నుంచి ఇలాంటి ఏర్పాటే ఉంది. మార్కులు వేసే చేయి, ఆసరా ఇచ్చే చేయి ఒకటి కాకపోవడంలో ఉన్న వెసులుబాటు విద్యార్థికి బాగా తెలుస్తుంది. ప్రతి దేశమూ ఇలా వేరే సంస్థలు పెట్టాలని నేను అనను. కనీసం విద్యార్థుల కౌన్సెలర్‌ను క్రమశిక్షణ సంఘంలో సభ్యుడిగా కూర్చోబెట్టకుండా ఉంటే చాలు.

దివ్యాంగ విద్యార్థుల విషయంలో మరో రకం పీడ ఉంది. ఉన్నత విద్యలోనూ వారికి తగిన సర్దుబాట్లు కల్పించాలని 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, లేఖకుడు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ (స్క్రీన్ రీడర్) చదవగలిగే పాఠ్యసామగ్రి, సంకేత భాషా అనువాదకుడు వంటివి ఈ సర్దుబాట్ల కిందికే వస్తాయి. కాగితం మీద అన్నీ ఉంటాయి. ఆచరణలో ప్రతి సెమిస్టర్‌కూ ధ్రువపత్రాలు మళ్లీ సమర్పించాలి, ప్రతి అధ్యాపకుడి దగ్గరికీ విడివిడిగా వెళ్లి తన కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. పుట్టుకతో చూపు లేని విద్యార్థికి సెమిస్టర్ మారగానే చూపు వస్తుందా? ఒకసారి ఖాయం చేసిన సర్దుబాటు చదువు పూర్తయ్యేదాకా చెల్లాలి; దాన్ని అధ్యాపకులందరికీ తెలియజేసే బాధ్యత విద్యార్థి మీద కాక కార్యాలయం మీద ఉండాలి.

ఆర్థిక సహాయం గురించి ఒక్క మాటే చెబుతాను. పరీక్ష ఫీజు గడువు వారంలో ముగుస్తుంటే, మూడు సంతకాలు, రెండు ధ్రువపత్రాలు తెచ్చి నెల రోజులు ఆగమనే అత్యవసర నిధి ఎవరి అత్యవసరాన్నీ తీర్చదు.

అధ్యాపకుల పాత్ర ఇక్కడే మొదలవుతుంది. మేము కౌన్సెలర్లం కాము, కాకూడదు కూడా. అయినా ముందు వరుసలో కూర్చునే పిల్లవాడు రావడం మానేశాడని మొదట తెలిసేది మాకే. 'వెళ్లి కౌన్సెలర్‌ను కలువు' అని ఒక మాట అనేసి చేతులు దులుపుకోవడానికి, అక్కడికక్కడే ఫోన్ చేసి సమయం ఖరారు చేసి, వీలైతే ఆ గది దాకా తోడు వెళ్లడానికి చాలా తేడా ఉంది. ఏ విభాగం ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో అధ్యాపకులకే తెలియని ప్రాంగణాలు తక్కువేమీ కాదు. చేరిన మొదటి రోజు స్వాగత సభలో చదివి వినిపించే జాబితా విద్యార్థికి గుర్తుండదు. హాజరు తగ్గినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు పంపే నోటీసులోనే ఆ ఫోన్ నంబర్లు కూడా ఉంటే పనికొస్తాయి.

'మా రోజుల్లో ఇవేవీ లేవు, మేం చదువుకోలేదా?' అనే పెద్దలు మా సహోద్యోగుల్లోనూ ఉన్నారు. చదువుకున్నారు, నిజమే. కానీ అప్పట్లో మధ్యలో మానేసి వెళ్లినవారు ఈ మాటకు జవాబు చెప్పడానికి ఇక్కడ లేరు. జీవితకాలంలో మానసిక రుగ్మతల బారిన పడేవారిలో నాలుగింట మూడు వంతుల మందికి 24 ఏళ్ల లోపే అవి మొదలవుతాయని 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. అంటే విశ్వవిద్యాలయ వయసు దాటేలోపు అన్నమాట. వెయ్యి నుంచి వెయ్యిన్నర మంది విద్యార్థులకు ఒక పూర్తికాలపు నిపుణుడు ఉండాలని కౌన్సెలింగ్ సేవలకు గుర్తింపునిచ్చే ఒక అంతర్జాతీయ సంస్థ ప్రమాణం చెబుతోంది. ఇద్దరు ముగ్గురు కౌన్సెలర్లతో పదివేల మందిని నెట్టుకొస్తూ 'మా దగ్గర కౌన్సెలింగ్ సదుపాయం ఉంది' అని కరపత్రంలో వేసుకునే సంస్థలను ఈ లెక్కతోనే నిలదీయాలి.

ప్రవేశాల సమయంలో పత్రికలు ప్రచురించే ప్రత్యేక అనుబంధాల్లో ర్యాంకులకు, ఉద్యోగ నియామకాలకు పేజీలు కేటాయిస్తారు. అక్కడే ప్రతి విశ్వవిద్యాలయం గురించి మరికొన్ని వివరాలు కూడా అడిగి ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను: కౌన్సెలర్లు ఎందరు, తొలి సమావేశానికి విద్యార్థి ఎన్ని రోజులు ఆగాలి, సాయంత్రం తర్వాత ఎవరు దొరుకుతారు, గోప్యత నియమం రాతపూర్వకంగా ఉందా. సమాధానం ఇవ్వని సంస్థల పేర్ల ఎదుట 'సమాధానం రాలేదు' అని వేసినా చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు