అడ్తిదారుల సంఘం వార్షిక నివేదిక: పాత డాస్ ప్యాకేజీల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

హమాలీ రేట్ల చర్చలు, రైతుల విశ్రాంతి షెడ్డు మరమ్మతు, వేసవిలో మంచినీళ్ల ఏర్పాటు ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారు విడిగా చెబుతారు. ఈ ఏడాది కార్యవర్గానికి ఎక్కువ టైం పట్టింది మాత్రం దుకాణాల్లో ఇంకా నడుస్తున్న డాస్ ప్యాకేజీలతోనే, అంటే విండోస్‌కు ముందు నాటి డాస్ కోసం రాసిన లెక్కల ప్రోగ్రాంలతోనే.

ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ లాంటి పాత ప్రోగ్రామింగ్ సాధనాల్లో ఎప్పుడో రాయించుకున్న తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ), ఖాతా ప్రోగ్రాంలను మనలో చాలామంది వదల్లేదు. మౌస్ ముట్టకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోతే పట్టీ డాట్ మ్యాట్రిక్స్ మీద వచ్చేస్తుంది. సీజన్‌లో బస్తాలు దిగుతుంటే ఆ స్పీడు కొత్త సాఫ్ట్‌వేర్‌లో లేదని గుమస్తాలంటారు, మాకూ అలాగే అనిపించింది. వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ప్రోగ్రాంలో తప్పులు కావు, అది తెరుచుకునే నల్ల విండోతో వచ్చిన తిప్పలే.

అక్షరాలు చిన్నగా ఉన్నాయన్నది పెద్ద గొడవ. విండోస్ ఎక్స్‌పీలో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే తెరంతా పరుచుకునేది. దాని తర్వాత వచ్చిన విస్టా నుంచి డిస్‌ప్లే డ్రైవర్ల పద్ధతి మారింది, ఇప్పుడు నొక్కితే ఫుల్‌స్క్రీన్ కుదరదనే మెసేజ్ వస్తుంది. డాస్ ప్రోగ్రాంలను నేరుగా నడపగల 32 బిట్ విండోస్ 7 ఉన్నచోట టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పెద్ద ఫాంట్ పెట్టించాం. 80 అక్షరాలు, 25 వరుసల తెర దానికి తగ్గట్టు పెరుగుతుంది. పక్కనే ఉండే డిఫాల్ట్స్ జోలికి మాత్రం పోకండి, మిగతా నల్ల విండోలన్నీ మారిపోతాయి. ఏ ప్రోగ్రాంకు ఆ ప్రోగ్రాం షార్ట్‌కట్, అంటే పిఫ్ ఫైలు, వేరుగా ఉంటుంది. ఎలా తెరుచుకోవాలి, పనైపోగానే మూసుకోవాలా వద్దా, మెమరీ ఎంత అన్నవన్నీ అందులోనే. విండోస్ 3.1 రోజుల్లో వీటిని పిఫ్ ఎడిటర్‌లో నింపేవాళ్లు. 95 నుంచి ప్రాపర్టీస్‌లోకి వచ్చాయి.

"ప్రోగ్రాం హ్యాంగ్ అయింది" అని ఫోన్ వస్తే వెళ్లి చూసేసరికి చాలాచోట్ల టైటిల్ ముందు ‘సెలెక్ట్’ అని కనిపించింది. ఎవరో క్విక్ ఎడిట్ (తెరమీది అక్షరాలను మౌస్‌తో ఎంచుకునే సెట్టింగ్) ఆన్ చేసి వదిలేశారన్నమాట. అలాంటి విండోలో మౌస్ క్లిక్ తగిలితే చాలు, ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. ఎస్కేప్ నొక్కితే మళ్లీ కదులుతుంది. ఆ సంగతి తెలియక టెన్షన్‌లో మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కేస్తున్నారు. అసలు నష్టం అక్కడే. డేటా ఫైళ్లు తెరిచి ఉండగా ప్రోగ్రాం తెగిపోతే ఇండెక్స్ (ఎంట్రీలను వరుసలో వెతికిపెట్టే ఫైలు) పాడవుతుంది, మర్నాడు బాకీలు కలవవు. అందుకే మేం వెళ్లిన ప్రతి దుకాణంలో ముందు క్విక్ ఎడిట్ తీసేయించాం. బయటికి రావాలంటే ప్రోగ్రాం మెనూలోంచే రావాలని గుమస్తాలకు గట్టిగా చెప్పాం.

ఖాళీగా ఉన్నప్పుడు కూడా కంప్యూటర్ ఫ్యాన్ హోరెత్తడానికి కారణం, డాస్ ప్రోగ్రాం కీ కోసం కాచుకుంటూనే ప్రాసెసర్ మొత్తం వాడేయడం. ప్రోగ్రాం షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఉండే ఐడిల్ సెన్సిటివిటీని హై వైపు జరిపితే చాలావరకు తగ్గింది.

ఇక కొత్త కంప్యూటర్ల సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది, కొందరు సభ్యులు విండోస్ 11కు మారారు. అది 64 బిట్‌లోనే వస్తుంది, అందులో ఈ ప్రోగ్రాంలు నేరుగా నడవవు. ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. కొత్త కంప్యూటర్‌లో డాస్ ప్రోగ్రాంలు నడిపించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుందామని కొందరన్నారు. అది ప్రధానంగా ఆటల కోసం చేసింది, డబ్బు లెక్కలు దానిమీద వదిలేయడం కార్యవర్గానికి నచ్చలేదు. అలాంటిదే అయినా ఆఫీసు పనులకు ఉద్దేశించిన వీడాస్‌ను ఎంచుకున్నాం. విండో పెంచినా అక్షరాలు అలుక్కుపోవడం లేదు. ముందు డేటా కాపీ మీద నడిపి, పట్టీలు సరిపోయాకే అసలు ఖాతాలు అందులో తెరవాలని తీర్మానించాం.

ఈ ప్యాకేజీలు లెక్కలు దాచే పాత డీబీఎఫ్ ఫైళ్లు ఎక్సెల్ లాంటి లిబ్రాఫీస్ క్యాల్క్‌లో తెరుచుకుంటాయి కాబట్టి ప్యాకేజీ పూర్తిగా మొరాయించినా లెక్కలు పోవు. వచ్చే ఏడాది మారదలచినవారు సీజన్ మొదలవకముందే ఆఫీసులో పేరు ఇవ్వండి. ప్యాకేజీ ఫోల్డర్ కాపీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పని అవగానే మీ పెన్‌డ్రైవ్ మీరే తీసుకెళ్లండి. ఒకరి బాకీలు మరొకరి కంటపడితే ఆ తలనొప్పి సంఘానికి వద్దు.

ఇట్లు,
కార్యదర్శి